చెక్కతో పాతకాలపు తెరచాప ఓడ నమూనా కట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూల్లో మా ఇంటి ముందుగదిలో, గాజుపెట్టెలో ఒక యుద్ధనౌక ఉంది. పేరు ట్రింకోమలీ. అసలు ఓడకు తొంభై ఆరో వంతు కొలతలో, నాలుగేళ్ళు కూర్చుని చెక్కతో కట్టాను. దాన్ని చూసినవాళ్ళు, చూసి తామూ మొదలుపెట్టి మధ్యలో ఆగినవాళ్ళు నంద్యాల, ప్రొద్దుటూరు, గుత్తి, కడప నుంచి ఫోన్ చేస్తుంటారు. మనుషులు మారతారు గానీ సందేహాలు అవే. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, పని జరిగే వరసలో జవాబులు రాశాను. మీరు ఏ దశలో ఆగిపోయారో ఆ ప్రశ్న దగ్గరికే నేరుగా పోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

సముద్రమే లేని మన సీమలో ఓడ కట్టడం ఏందన్నా?

ఈ మాట అందరికంటే ముందు మా నాయన అడిగాడు. సముద్రం లేదు గానీ నీళ్ళ మీద నడిచే కొయ్య మనకు కొత్త కాదు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్‌ను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది సేద్యానికి ఒక్కదానికే కాదు, పడవలు నడపడానికి కూడా. తుంగభద్రలో గుండ్రటి పుట్టి పడవ ఎక్కి ఏరు దాటినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఇంకా వెనక్కి పోతే, తుంగభద్ర ఒడ్డున శాతానికోటలో శాతవాహనుల నాటి కోట తవ్వకాల్లో బయటపడింది. ఆ వంశంలోని యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది.

నమూనా కట్టడానికి కావలసింది కొయ్య గుణం తెలిసిన వడ్రంగి, సన్నపని తెలిసిన కంసాలి. ఇద్దరూ మన ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని అడిగితే, ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు చెప్తారు.

మొదటిసారే పెద్ద యుద్ధనౌక మొదలుపెట్టొచ్చా?

వద్దు. 1765లో నీళ్ళలోకి దిగిన విక్టరీ ఓడ బొమ్మ చూసి మనసు పారేసుకుని, 104 ఫిరంగులతో మొదలుపెట్టి, పదో ఫిరంగి దగ్గర ఆపేసినవాళ్ళను ఎరుగుదును. మొదటి ఓడకు ఒకటో రెండో స్తంభాలు చాలు. పలకలు వంచడం, డెక్కు పరచడం, తాళ్ళు కట్టడం అన్నీ చిన్న ఓడలోనూ ఉంటాయి. ఒక్కోటి వంద సార్లు కాకుండా పది సార్లు చేస్తారు, అంతే తేడా. మూడు స్తంభాలు కావాల్సిందే అనిపిస్తే డార్విన్ ప్రయాణించిన బీగిల్ చూడండి. 1820లో కట్టిన ఆ ఓడ చిన్నది, ఫిరంగులు తక్కువ.

ట్రింకోమలీ అంటే ఏ ఓడ సార్? మీరు దాన్నే ఎందుకు చెప్తారు?

అది మన టేకుతో కట్టిన ఓడ కాబట్టి. నెపోలియన్‌తో యుద్ధాలు నడిచిన కాలంలో ఇంగ్లండులో ఓక్ కొయ్యకు కరువొచ్చింది. దాంతో బ్రిటిష్ నౌకాదళం బొంబాయి రేవులో ఓడలు కట్టించుకుంది. అక్కడ తరతరాలుగా ఓడలు కడుతున్న పార్సీ కుటుంబం వాడియాలది. ఆ కాలంలో పెద్ద మేస్త్రీ జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా. 1842లో చైనాతో నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన కార్న్‌వాలిస్ ఓడ కూడా ఆ రేవులో కట్టిందే.

ట్రింకోమలీ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది దాని ప్లాన్ల సంగతి. ఇంగ్లండు నుంచి ప్లాన్లను జావా అనే ఓడలో పంపారు. ఆ ఓడ 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడిపోయింది. ప్లాన్లు పోయాయి. మళ్ళీ ఇంకో ప్రతి గీయించి పంపాల్సి వచ్చింది. చివరికి 1816లో పని మొదలై, 1817 అక్టోబరు 12న ఓడ నీళ్ళలోకి దిగింది. కొయ్య మలబారు టేకు. ఇప్పుడు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ఉంది. రెండు వందల ఏళ్ళు దాటినా నీళ్ళ మీద తేలుతూనే ఉంది.

వాడియాలు ఓడ మొదలుపెట్టేటప్పుడు అడుగుదూలంలో ఒక వెండి మేకు కొట్టేవారు. నేను మా అమ్మ పాత మెట్టె ఒకటి అడిగి తీసుకున్నాను. దాన్ని కంసాలి చేత తీగ సాగదీయించి, అర సెంటీమీటరు ముక్క కోసి, నా ఓడ అడుగుదూలంలో దిగ్గొట్టాను. ఇప్పుడది పలకల కింద ఉంది, బయటికి కనిపించదు.

1:96, 1:64 అంటారు గదా, అదేంది? ఏది తీసుకోవాలి?

1:96 అంటే అసలు ఓడలో 96 అంగుళాలు మీ దగ్గర ఒక్క అంగుళం. ఎనిమిది అడుగులు ఒక అంగుళంలోకి వస్తాయి. ట్రింకోమలీ ఫిరంగుల డెక్కు పొడవు దాదాపు 45.8 మీటర్లు, వెడల్పు 12.17 మీటర్లు. 1:96లో అవి 47.7 సెంటీమీటర్లు, 12.7 సెంటీమీటర్లు. 1:64లో 71.6, 19 సెంటీమీటర్లు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ పొడవు ఓడ ఒళ్ళుది మాత్రమే. ముందు పొడుచుకొచ్చే కర్ర బౌస్ప్రిట్, వెనక తెరచాప అడుగున ఉండే కర్ర బూమ్ కలుపుకుంటే మొత్తం పొడవు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దానికి గాజుపెట్టె, పెట్టెకు బల్ల, బల్లకు గదిలో చోటు చూసుకోవాలి. మా ముందుగదిలో టీవీ పక్కన ఎంత గోడ మిగులుతుందో టేపు పెట్టి కొలిచాకే నేను 1:96 నిర్ణయించుకున్నాను. కళ్ళు మసకబారడం మొదలైనవాళ్ళకు మాత్రం 1:64 మేలు. 1:96లో మనిషి బొమ్మ 18 మిల్లీమీటర్లే ఉంటుంది. ముడులు, కప్పీలు ఆ లెక్కలోనే సన్నబడతాయి.

కిట్ కొనాలా, సొంతంగా కోసుకోవాలా?

మొదటి ఓడకు కిట్, రెండో ఓడకు సొంత కొయ్య. కిట్‌లో ఓడకు పక్కటెముకల్లాంటి అడ్డ చట్రాలు ముందే కోసి ఉంటాయి కాబట్టి ఒళ్ళు వంకరపోదు. ధైర్యం వచ్చేది అక్కడే. అయితే విదేశీ కిట్‌కు కస్టమ్స్ సుంకం విడిగా పడుతుందని ముందే లెక్కలో వేసుకోండి. నేను తెప్పించిన ఒక పెట్టెలో పలకలు సగం విల్లులా వంగి వచ్చాయి. అమ్మినవాళ్ళకు మూడుసార్లు రాసినా జవాబు లేదు. ఆ కోపంలోనే సా మిల్లుకు పోయి పలకలు నేనే కోయించుకున్నాను. కిట్ వచ్చిన రోజే పెట్టె తెరిచి ప్రతి ముక్కా లెక్కపెట్టండి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

అసలు ఓడ ప్లాన్లు యాడ దొరుకుతాయి? చూస్తే ఏమీ అర్థం కాలేదు.

బ్రిటిష్ నౌకాదళం గీయించిన పాత ప్లాన్లు లండన్‌లోని గ్రీనిచ్‌లో, నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ట్రింకోమలీ లీడా తరగతి ఓడ. ఆ తరగతికి మూలం 1782లో ఫ్రెంచి వాళ్ళ నుంచి పట్టుకున్న హెబీ అనే ఓడ. లీడా అన్న పేరుతో వెతికితే దాని తోబుట్టువుల ప్లాన్లూ కనిపిస్తాయి.

ప్లాన్‌లో మూడు బొమ్మలుంటాయి. పక్క నుంచి చూసినది ఒకటి, పై నుంచి సగం ఓడ చూపేది ఒకటి, ముందూ వెనకా నుంచి ఒళ్ళు వంపులు చూపేది ఒకటి. మూడోదాంట్లో ఉల్లిపాయను నిలువుగా కోసినట్టు గీతలుంటాయి. ఒక్కో గీత ఓడను ఆ చోట అడ్డంగా కోస్తే వచ్చే ఆకారం. ఎడమ సగం వెనక భాగం, కుడి సగం ముందు భాగం. అట్టముక్క మీద ఒక్క గీతను కత్తిరించి చేత్తో పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

జిరాక్స్ తీయించేటప్పుడు జాగ్రత్త. ప్లాన్ మీది కొలబద్దను అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కొలవండి. కొన్ని మెషీన్లు ఒకవైపు కాగితాన్ని రొంత సాగదీస్తాయి. అర మీటరుకు రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా అడ్డ చట్రాలు అడుగుదూలంలో కూర్చోవు.

ఎన్ని రోజులు పడుతుంది?

చిన్న ఓడకు రోజు గంట చొప్పున ఏడాది. ట్రింకోమలీకి నాకు రోజు గంటన్నర చొప్పున నాలుగేళ్ళు పట్టింది. పెళ్ళిళ్ళు, జ్వరాలు, మే నెల కరెంటు కోతలు అందులోనే.

## కొయ్య, పనిముట్లు, జిగురు

అసలు ఓడే టేకుది గదా, మోడల్ కూడా టేకుతో కడితే బాగుంటుంది గదా?

మనసుకు బాగుంటుంది, కంటికి బాగుండదు. టేకు రంధ్రాలు పెద్దవి. అసలు ఓడలో అవి కనపడవు. 1:96లో అదే రంధ్రం బొటనవేలు దూరేంత గొయ్యిలా కనిపిస్తుంది. పైగా టేకులో నూనె గుణం ఉంటుంది, జిగురు పట్టదు. అయినా మనసు ఒప్పుకోకపోతే అడుగుదూలం, లోపలి చట్రాలు టేకుతో చేయండి. పాత ఇళ్ళు పడగొట్టిన చోట దొరికే తలుపు చట్రాల టేకు మంచిది, ఆరవలసినంత ఆరి ఉంటుంది. జిగురు రాసే ముందు ఆ చోట అసిటోన్‌తో తుడవండి.

పైకి కనిపించే పలకలకు నేను వాడేది అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర అదే. తెల్లగా, రంధ్రాలు కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. ఉలి ఎటు నడిపితే అటు వస్తుంది. పసుపు రంగు కావాలంటే నల్లమల వైపు తెలిసిన బిల్లుడు. గట్టిది, రంపం పళ్ళు తొందరగా అరిగిపోతాయి గానీ, మెరుపు దానికే సొంతం. నల్లటి చిన్న ముక్కలకు విరిగిన పాత జిట్టేగి కుర్చీ కాలు ఒకటి దొరికితే ఒక ఓడకు సరిపోతుంది. ఏది కొన్నా రసీదు ఉన్న డిపో దగ్గర కొనండి.

మా వైపు ఎర్రచందనం ముక్కలు దొరుకుతాయి అన్నా, చిన్న ముక్క వాడితే ఏమవుతుంది?

వాడొద్దు. కడప నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల లాంటి తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. అటవీశాఖ పత్రాలు లేని ముక్క చిన్నదైనా పెద్దదైనా ఇంట్లో ఉండటమే నేరం. దాని కోసం ప్రాణాలు పోయాయి, అడవులు బోడి అయ్యాయి. ఎర్ర రంగు కావాలంటే అంకుడుకు రంగు వేసుకోండి.

పనిముట్లకే ముప్పై వేలవుతుందని ఒకాయన చెప్పాడు. నిజమేనా?

నిజం కాదు. విదేశాల నుంచి తెప్పించే ముందు మీ ఊళ్ళో కంసాలి సామాన్లు అమ్మే కొట్టుకు పోండి. సన్నరంపం, సూది ఆకురాళ్ళు, శ్రావణం, చిమటా, చేతిబర్మా అన్నీ అక్కడే ఉంటాయి. బర్మాకు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా బిట్లు తీసుకోండి. అర మిల్లీమీటరువి తొందరగా విరుగుతాయి, అరడజను తీసుకోండి. వడ్రంగి సామాన్లలో చిన్న చిత్రిక, పావు అంగుళం ఉలి, మూలమట్టం చాలు. పలకలు పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు.

ఒక్కటి మాత్రం తప్పకుండా సంపాదించండి: కమ్మచ్చు. కంసాలి వెండి తీగ సాగదీసే ఇనుప పలక. అసలు ఓడలో పలకలను చట్రాలకు బిగించిన కొయ్య చీలలు నమూనాలో చేయాలంటే, వెదురు పుల్లను చీల్చి ఈ కమ్మచ్చు రంధ్రాల్లో పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా లాగాలి. 0.6 మిల్లీమీటర్ల పుల్ల విరగకుండా వస్తుంది. వెదురు గణుపు లేని భాగమే తీసుకోవాలి, బయటి పచ్చ తొక్క దగ్గరి నార ఇంకా గట్టిది.

ఏ జిగురు వాడాలి? ఫెవిక్విక్ చాలదా?

చెక్కకు చెక్క అతికించడానికి తెల్ల ఫెవికాల్. కాసేపు టైమిస్తుంది, ముక్క కొంచెం జరుపుకోవచ్చు, తప్పు చేస్తే వేడినీళ్ళ గుడ్డ పెట్టి ఊడదీయొచ్చు. ఫెవిక్విక్ లోహం చెక్కకు అతికేచోట, ముడి చివర ఒక్క చుక్క వేయడానికి మాత్రమే. కొయ్య మీద అది ఇంకిన చోట రంగు పట్టదు, చుట్టూ తెల్లటి మరక వస్తుంది.

తెల్ల ఫెవికాల్‌కు నీళ్ళంటే పడదని నాకు తెలిసిన తీరు చెప్తాను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో కిటికీ ఎత్తు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక బీరువా వెనక నా మొదటి ఓడ దొరికింది. అడుగుదూలానికి చట్రాలు అట్లానే నిలబడి ఉన్నాయి, పలకలు మాత్రం ఒక్కటీ లేదు. చేప తిన్నాక మిగిలిన ముల్లులా ఉంది. పలకలు గదంతా బురదలో విడివిడిగా పడి ఉన్నాయి. ఒక్కోటీ ఏరి కడిగాను. వాటి వంపులు మాత్రం పోలేదు. అప్పటి నుంచి అడుగుదూలం, మొదటి వరస పలకలు నీళ్ళను తట్టుకునే ఫెవికాల్ మెరైన్‌తో అతికిస్తున్నాను.

## ఓడ ఒళ్ళు

చట్రాలన్నీ ప్లాన్ ప్రకారమే కోశాను. పలక పెడితే కొన్నిచోట్ల ఆనుతుంది, కొన్నిచోట్ల ఆనదు. ఎక్కడ తప్పు?

కోత తప్పు కాదు, సాపు చేయడం మిగిలి ఉంది. మొత్తం పనిలో నేను ఎక్కువ కాలం గడిపేది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. ఓడ ముందు వైపుకూ వెనక వైపుకూ సన్నబడుతుంది గదా, మధ్య చట్రం అంచు నేరుగా ఉన్నా, కొసల వైపు చట్రాల అంచులు ఏటవాలుగా ఉండాలి. కోసినప్పుడు అవి తొంభై డిగ్రీల్లో ఉంటాయి. ఒక మూల మాత్రమే పలకకు తగులుతుంది.

పొడవాటి, సన్నటి పలక ఒకటి తీసుకోండి. జిగురు లేకుండా అణియం నుంచి అమరం దాకా, అంటే ముక్కు నుంచి తోక దాకా, చట్రాల మీద ఆనించి వేలితో నొక్కండి. చెయ్యి తీసి, పలక కింద సందు ఉన్నచోటా, పలక ఎగసినచోటా పెన్సిల్ గుర్తు పెట్టండి. ఎగసినచోట చట్రాన్ని అరగదీయాలి. సందు ఉన్నచోట సన్న చెక్క చీలిక అతికించి మళ్ళీ అరగదీయాలి. ఉప్పుకాయితాన్ని వేలికి చుట్టి రుద్దొద్దు, గుంటలు పడతాయి. అరడుగు బద్దకు అతికించి, ఒకేసారి రెండు మూడు చట్రాల మీద ఆనేటట్టు రుద్దండి. ప్రతి రెండు మూడు నిమిషాలకూ పలక పెట్టి చూడండి. పైన, నడుమన, అడుగున, మూడు ఎత్తుల్లోనూ చూడాలి.

సాయంత్రం లైటు ఆర్పి, టార్చి పక్క నుంచి వేసి చూస్తే పగలు కనపడని ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. నా ఓడలో ఎడమ వైపు నాలుగో చట్రం దగ్గర అర మిల్లీమీటరు పల్లం అట్లానే దొరికింది. అది వదిలేసి ఉంటే పలకలూ, రాగి రేకులూ వేశాక కూడా అక్కడ సొట్ట కనిపించేది. ఈ ఒక్క పనికి నాకు పదకొండు వారాలు పట్టింది.

పలక వంచుతుంటే ముక్కు దగ్గర విరిగిపోతుంది. ఏం చేయాలి?

ఒకటిన్నర మిల్లీమీటర్ల పలకను వేడినీళ్ళలో పదిహేను ఇరవై నిమిషాలు నానబెట్టండి. పొడవాటి పలకకు గిన్నె చాలదు. ఒక పక్క మూత బిగించిన పీవీసీ పైపులో నీళ్ళు పోసి నిలబెడితే సరిపోతుంది. తీశాక వేడి సోల్డరింగ్ ఐరన్ గొట్టం మీద ఆనించి నెమ్మదిగా వంచండి. ఒకచోట ఆపకుండా ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండాలి, లేకుంటే మాడుతుంది. చట్రాలకు క్లిప్పులతో బిగించి రాత్రంతా ఆరనిచ్చి, మరుసటి రోజు జిగురు రాయండి. తడి పలకకు జిగురు రాస్తే ఆరినప్పుడు కుంచించుకుని సందులు వస్తాయి.

పలకను చూసి ఎంచుకోవడమూ ముఖ్యమే. అంచు వైపు చూస్తే నార పలక పొడవునా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోయే నార ఉన్నది ఎంత నానబెట్టినా విరుగుతుంది. వాటిని డెక్కుకు పెట్టుకోండి.

నడుమ పలకలు బాగా కూర్చున్నాయి, ముక్కు దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి.

నడుమ ఓడ లావు, ముక్కు దగ్గర సన్నం. అన్ని పలకలకూ అక్కడ చోటు లేదు కాబట్టి ప్రతి పలకనూ కొసకు సన్నగా చెక్కాలి. లెక్క సులువు. నడిమి చట్రం చుట్టూ కాగితం పట్టీ ఆనించి పై అంచు నుంచి అడుగుదూలం దాకా కొలవండి. 130 మిల్లీమీటర్లు వచ్చింది, మీ పలక వెడల్పు 5 అనుకుందాం. 26 పలకలు పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 78 వచ్చింది. 78ని 26తో భాగిస్తే 3. అంటే ప్రతి పలకా నడుమ 5, ముక్కు దగ్గర 3 మిల్లీమీటర్లు ఉండాలి. మధ్యలో ఉన్న ప్రతి చట్రానికీ ఇట్లానే లెక్క కట్టి, చట్రాల మీద పెన్సిల్ గీతలు పెట్టుకోండి.

కొస వెడల్పు సగానికి తగ్గితే పలక మేకు పట్టదు, అసలు ఓడలోనూ అట్లా చేసేవారు కాదు. అప్పుడు రెండు పలకలను ఒకదాంట్లో కలిపేస్తారు. అమరం దగ్గర దీనికి తలకిందులుగా ఉంటుంది: చోటు ఎక్కువ, పలకలు తక్కువ. అక్కడ త్రికోణపు ముక్కలు దూర్చాలి. కుడి వైపు రెండు పలకలు వేశాక ఎడమ వైపు రెండు వేయండి. ఒకే వైపు వేసుకుంటూ పోతే అడుగుదూలం విల్లులా వంగుతుంది.

వర్షాకాలంలో కట్టిన ఓడకు ఏప్రిల్‌లో పలకల మధ్య సందులు పడ్డాయి. నా చేతి తప్పా?

కాదు, మన ఎండ పని. ఆగస్టులో కొయ్య గాలిలోని తేమ పీల్చి అడ్డంగా ఉబ్బి ఉంటుంది. కర్నూలు, అనంతపురం ఏప్రిల్ మే ఎండకు ఆ తేమంతా పోయి కుంచించుకుంటుంది. పొడవు మారదు, వెడల్పే మారుతుంది, అందుకే సందులన్నీ పలకల పొడవునా పడతాయి. కొన్న కొయ్యను పలకలుగా కోసి, ఒక వేసవి అంతా ఓడ ఉండబోయే గదిలోనే పెట్టి, ఆ తర్వాత వాడండి. ఇప్పటికే పడిన సందులకు అదే కొయ్య పొడిని పల్చటి ఫెవికాల్‌లో కలిపి ఎండాకాలంలోనే పూడ్చండి.

అడుగున రాగి రేకులు వేయాల్సిందేనా?

ఆ కాలపు ఓడ అనిపించాలంటే వేయాలి. సముద్రంలో కొయ్యను తొలిచే పురుగు నుంచి కాపాడటానికి అడుగంతా రాగి రేకులు కొట్టేవారు. ఒక్కో రేకు నాలుగు అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:96లో అది 12.7 మిల్లీమీటర్లు, 3.7 మిల్లీమీటర్లు. వెనక జిగురున్న రాగి టేపు కొని ముక్కలు కోసుకోవచ్చు. అమరం నుంచి మొదలుపెట్టి ముందుకు, అడుగు నుంచి పైకి వేయండి. ముందు రేకు వెనక రేకు మీదికి ఎక్కాలి. వేలిముద్రలు పడితే వారంలో నల్లబడతాయి, చేతులకు సన్నని గ్లౌజులు వేసుకోండి. మెరుపు పోతుందని వార్నిష్ కొట్టొద్దు. ఏడాదిలో దానంతట అదే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగే అందం.

## డెక్కు, ఫిరంగులు

డెక్కు పలకల మధ్య నల్ల గీతలు ఎట్లా వేస్తారు?

అసలు ఓడలో పలకల సందుల్లో నార కూరి కీలు, అంటే తారు, పోసేవారు, ఆ నలుపే మనం చూపించాల్సింది. ప్రతి పలక ఒక అంచుకు మాత్రమే మెత్తటి పెన్సిల్ రుద్ది అతికించండి. రెండు అంచులకూ రుద్దితే గీత మందమైపోతుంది. మార్కర్ పెన్ను వాడొద్దు, సిరా కొయ్యలోకి పాకుతుంది.

ఫిరంగులు ఎన్ని పెట్టాలి? ఒక్కోచోట ఒక్కో లెక్క ఉంది.

ముందు మీరు ఏ ఏడాది నాటి ఓడ కడుతున్నారో నిర్ణయించుకోవాలి. ట్రింకోమలీని 38 ఫిరంగుల ఫ్రిగేట్ (మధ్యరకం యుద్ధనౌక) అని పిలిచేవారు గానీ, అది అప్పటి వర్గీకరణ మాత్రమే. పొట్టి ఫిరంగులు కలుపుకుంటే 46 ఉండేవి. ప్రధాన డెక్కు మీద 18 పౌండ్ల గుండు వేసేవి 28. తర్వాత 1840లలో దాన్ని 26 ఫిరంగుల కార్వెట్‌గా, అంటే అంతకంటే చిన్న తరహా యుద్ధనౌకగా మార్చారు. ఇప్పటి ఫొటోలు చూసి 1817 నాటి ఓడ కడితే రెండూ కలిసిపోతాయి. నేను కట్టింది బొంబాయి రేవు నుంచి దిగిన రోజుది. మీరు ఏది ఎంచుకున్నా ఆ ఏడు రాసి గోడకు అంటించుకోండి.

## స్తంభాలు, తాళ్ళు, తెరచాపలు

లేత్ మెషీన్ లేకుండా స్తంభం గుండ్రంగా, పైకి సన్నగా ఎట్లా చేయాలి?

చదరపు కర్రతో మొదలుపెట్టండి. కొసకు ఎంత సన్నబడాలో నాలుగు వైపులా గీసి, ముందు చదరంగానే సన్నగా చిత్రిక పట్టండి. తర్వాత నాలుగు మూలలూ చెక్కితే ఎనిమిది పలకలవుతాయి, మళ్ళీ మూలలు తీస్తే పదహారు. అప్పుడు ఉప్పుకాయితం చుట్టి తిప్పితే గుండ్రం వచ్చేస్తుంది. కొట్లో దొరికే గుండ్రటి పుల్లను డ్రిల్లులో బిగించి తిప్పడం తొందరగా అవుతుంది గానీ, ఆ పుల్లలు చాలావరకు వంకర. బల్ల మీద దొర్లించి చూసి కొనండి.

ధర్మవరం పట్టుదారం మంచిదంటారు, నిజమా? ఏ దారం వాడాలి?

పట్టు గట్టిది, నూగు రాదు, కానీ మెరుస్తుంది. ఓడ తాడు మెరవకూడదు. మెరుపు చంపడానికి తేనెమైనం పట్టించి వాడినవాళ్ళున్నారు. నేను మాత్రం నూలుతో మొదలై పాలిస్టర్‌కు మారాను. కారణం మన వానలే. మే నెలలో బిగించి కట్టిన నూలుతాడు ఆగస్టు తేమకు ఉబ్బి, పొట్టిదై, ఇంకా బిగుసుకుంటుంది. నా రెండో ఓడలో పై స్తంభం కొస అట్లానే వెనక్కి వంగిపోయింది. పాలిస్టర్‌కు ఆ బాధ లేదు.

తాడు మందం లెక్కలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. పాత పట్టికల్లో 8 అంగుళాల తాడు అంటే అది చుట్టుకొలత, అడ్డకొలత కాదు. 3.14తో భాగించాలి: రెండున్నర అంగుళాల అడ్డకొలత, 1:96లో 0.67 మిల్లీమీటర్లు. భాగించకుండా కట్టినవాళ్ళ ఓడలు మోకులతో కట్టేసిన గడ్డివాముల్లా ఉంటాయి. స్తంభాలను నిలబెట్టే తాళ్ళకు తారు పూసేవారు కాబట్టి అవి నలుపు. తెరచాపలు లాగే తాళ్ళు లేత గోధుమరంగు.

ఒకవైపు తాడు బిగిస్తే రెండో వైపుది సడలిపోతుంది. స్తంభం వంకరపోయింది.

ఒకే వైపు తాళ్ళన్నీ ముందు కట్టేసి ఉంటారు. ష్రౌడ్లను, అంటే స్తంభాన్ని రెండు పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్ళను, జతలుగా కట్టాలి: కుడి వైపు ముందు జత, ఆ తర్వాత ఎడమ వైపు ముందు జత, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ప్రతి జతకూ ఓడ ముక్కు నుంచి ఒక కన్ను మూసి స్తంభం నిటారుగా ఉందో లేదో చూడండి. ష్రౌడ్ల కింద ఉండే మూడు రంధ్రాల గుండ్రటి కొయ్య బిళ్ళలు, డెడ్ ఐలు, అన్నీ ఒకే ఎత్తులో రావాలంటే, రెండు కొసలు వంచిన తీగను కొలబద్దగా పెట్టుకుని కట్టండి. చివరి ముడులకు అప్పుడే జిగురు వేయొద్దు. వారం ఆగి, మళ్ళీ ఒకసారి బిగించి, అప్పుడు చుక్క వేయండి.

ఆ నిచ్చెన మెట్ల లాంటి తాళ్ళు వందల ముడులు గదా. వేరే దారి లేదా?

లేదు. జిగురుతో అతికించిన రాట్‌లైన్ (ఆ మెట్టు తాడు) రెండడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. అసలు ఓడలో మెట్టుకూ మెట్టుకూ దాదాపు 13 అంగుళాలు, 1:96లో 3.4 మిల్లీమీటర్లు. ఆ దూరంలో గీతలు గీసిన కాగితాన్ని ష్రౌడ్ల వెనక పెట్టి, గీత మీద గీత కట్టుకుంటూ పోండి. రెండు చివర్లు తప్ప మధ్యలోవన్నీ రెండు మెలికల ముడులు. బిగించి లాగొద్దు, ష్రౌడ్లు నడుములా లోపలికి నొక్కుకుపోతాయి. నేను రోజుకు ఐదు మెట్లే కట్టేవాణ్ణి, పొద్దున టీ తాగాక, వెలుతురు మంచిగా ఉన్నప్పుడు.

తెరచాపలు పెట్టాలా వద్దా?

మీ ఇష్టం. పెడితే పాత మల్‌మల్ గుడ్డ, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టినది. చుట్టి కట్టినట్టు చూపించాలంటే గుడ్డ ఎత్తు సగమే తీసుకోండి, లేకపోతే చుట్ట దిండులా అవుతుంది. నేను పెట్టలేదు. అన్నాళ్ళ తాళ్ళ పని గుడ్డ వెనక దాక్కోవడం నాకు ఇష్టం లేకపోయింది.

## పూర్తయ్యాక

గాజుపెట్టె తప్పదా? ఖర్చు ఎక్కువ గదా.

తప్పదు. అనంతపురం గాలి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. తాళ్ళ మీద పడిన దుమ్ము బ్రష్షుతో పోదు, తడిగుడ్డ పెట్టలేం. పెట్టె అడుగున నాలుగు మూలలా పెన్సిల్ మందం గాలి రంధ్రాలు పెట్టించి, లోపలి వైపు సన్న జాలీ అతికించండి. పూర్తిగా మూసేస్తే జిగురు, వార్నిష్ ఆవిర్లు లోపలే నిలిచిపోతాయి. బల్ల కాళ్ళు గోడకు తగలకూడదు, చెదలు గోడ వెంబడే వస్తాయి. నేరుగా ఎండ పడే కిటికీ ఎదురుగా వద్దు.

మూడేళ్ళ కింద ఆపేసిన సగం ఓడ అటక మీద ఉంది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. దించి, మెత్తటి పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులిపి, వారం రోజులు మీరు పనిచేసే గదిలో ఉంచండి. తర్వాత అడుగుదూలం పొడవునా దారం బిగించి పట్టి, వంగిందేమో చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల వంపు వరకు చట్రాల మధ్య అడ్డముక్కలు బిగించి సరిచేయొచ్చు. ప్రతి పలకనూ గోటితో తట్టండి. అతికి ఉన్నది టక్కుమంటుంది, వదిలినది డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికినచోట పెన్సిల్ గుర్తు పెట్టి, వేడినీళ్ళ గుడ్డతో పాత జిగురు మెత్తబరిచి ఊడదీసి, గీకి, ఆరాక మళ్ళీ అతికించండి. ప్లాన్ కాగితం పోయి ఉంటే ముందు అది సంపాదించుకోండి, ఓడ నుంచి కొలతలు తీయబోవద్దు. మొదటి వారం ఒళ్ళు ముట్టుకోకుండా ఒక చిన్న పని చేయండి: ఒక లంగరు, ఒక నిచ్చెన, ఒక నీళ్ళ పీపా. చెయ్యి కుదురుకున్నాక పలక అందుకోండి.